ఇద్దరికి ఒక విస్తరి

పంక్తులన్నీ నిండాయి, ఒక్క చోటు తప్ప. భీము పక్కన ఎవరూ కూర్చోలేదు.

సిరోంచ పక్క పల్లెలో ఉన్న ఆ రేకుల చర్చిలో క్రిస్మస్ ప్రేమవిందుకు ఒక పద్ధతి ఉంది. ఇద్దరికి ఒక విస్తరి. ముత్తాతల కాలంలో నాలుగు కులాలవాళ్లు కలిసి ఒక సంఘమైనప్పుడు, అంటూ మైలా అన్నం దగ్గరే పోవాలని పెట్టుకున్నారట. ఇప్పటికీ అదే నడుస్తోంది. పక్కన ఎవరుంటే వాళ్లతో ఒకే మోదుగాకు విస్తరిలో చెయ్యి పెట్టాలి. అందరికీ జత కుదిరాకే ప్రార్థన, ప్రార్థన అయ్యాకే ముద్ద.

భీము ఎప్పుడొచ్చాడో ఏమో, చివరి పంక్తి కొసన కూలబడి ఉన్నాడు. కుడికాలికి చుట్టిన గుడ్డ చీముతో తడిసి నల్లబడింది. దాని మీద ఈగలు. ఖర్రా నమిలీ నమిలీ పళ్లు గారపట్టాయి, మూతి పక్కనుంచి పొగాకు రసం కారుతోంది. చొక్కా పులిసిన సారా కంపు కొడుతోంది. తల మాత్రం ఎత్తడం లేదు.

అదే పంక్తిలో ఉన్న శోభారాణి కొత్త చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పిల్లల్ని అవతలి పంక్తికి లాక్కుపోయింది.

"పండుగ పూట ఇగ వీడొక్కడే తక్కువైండు."

కూర బకెట్ పట్టుకుని వస్తున్న రాజుబాయి అక్కడే ఆగిపోయింది. ఆమె పంక్తిలో కూర్చోవడం మానేసి చాలాకాలమైంది. వడ్డన ఆమెది, తినేది ఇంటికి పోయాకే. భీమును చూడగానే ఆమెకు నోట్లో నీళ్లూరి చేదెక్కాయి.

సంఘపెద్ద కిషన్‌రావు గబగబా వచ్చాడు. "ఒరేయ్, లే. గిన్నెల పెట్టిస్త, పట్టుకొని పో. బస్టాండ్ కాడ కూసొని తిను."

ఈ మధ్యనే వచ్చిన పాస్టరు అజయ్‌కుమార్ అడ్డుపడ్డాడు. పొద్దుట గంటసేపు ఆయన చెప్పింది ఒక్కటే. క్రిస్మస్ అంటే ఇంటి మీద నక్షత్రం కాదు, మనిషిలో క్రీస్తు గుణం కనబడాలని. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు కూడా.

"ఆకలైతుందని వచ్చినోణ్ణి లేపుడేంది, పెద్దాయనా?"

"మీకు తెల్వదు అయ్యగారు. వీడు ఈడ ఉంటే ఎవ్వరికన్న అన్నం దిగుతదా?"

"అయితే నేనే కూసుంట ఆయన పక్కన."

"మీరు కూసుంటే మేమందరం లేస్తం."

ఉత్త మాట కాదది. ఇద్దరు ముగ్గురు అప్పుడే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇంకో నిమిషమైతే భీము గేటవతల ఉంటాడు, లేదంటే వండిన అన్నం వండినట్టే ఉండిపోతుంది.

కిషన్‌రావు గొంతు తగ్గించాడు. "రాజక్కా, నువ్వు జర లోపలికి పో. ఇది మేం చూసుకుంటం."

రాజుబాయి బకెట్ కింద పెట్టింది.

"ఎవ్వరు లేవకుండ్రి. మీకు దిగకపోతే మానె. నేను తింట."

పోయి భీము పక్కన కూర్చుంది. లేచినవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ కూర్చున్నారు. పాస్టరు ప్రార్థన చేశాడు.

ఆమె అన్నంలో కూర కలిపింది. ఈగలు ముసిరిన కాలిని చూడగలిగింది. గోళ్లనిండా నల్లటి మురికి ఉన్న ఆ చేతుల్ని మాత్రం చూడలేకపోయింది.

భీము చెయ్యి విస్తరి దాకా వచ్చి వెనక్కి పోయింది.

"అమ్మా, నేను బయటికి పోత..."

"మాట్లాడకు. తిను."

ఆ గొంతు విన్నా ఆమెకు రోతే. ఒకే విస్తరిలో రెండు చేతులు. అతని వేళ్లు తాకిన అన్నం ఆమె వైపు జారింది. కళ్లు మూసుకుని అదే తీసి నోట్లో పెట్టుకుంది. ముద్దముద్దకూ నీళ్లు తాగి మింగింది. రెండుసార్లు గొంతు దాకా వచ్చింది. కొంగు నోటికి నొక్కిపట్టి కిందికి దింపింది. మూలుగ బొక్క తన వైపు పడితే వేలితో అటు నెట్టింది. అతను తిన్నంతసేపూ లేవలేదు.

తర్వాత చర్చి వెనక నల్లా దగ్గర కూర్చుని, పొయ్యిలోంచి తెచ్చిన బూడిదతో కుడిచెయ్యి మోచేయి దాకా రుద్దుకుంటోంది. పాస్టరు వెతుక్కుంటూ వచ్చాడు. కిషన్‌రావు ఆయన వెనకే నిలబడ్డాడు. ముద్ద ముట్టకుండానే విస్తరి మీదనుంచి లేచినవాడు.

"నేను పొద్దుగాల చెప్పింది మీరు చేసి చూపిచ్చిండ్రమ్మా. మీకు రోత అనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది అయ్యగారు. ఇంక పోలే."

"పుండే గదా. దవాఖానకు తీస్కపోయి కట్టు కట్టిస్తే మానుతది."

రాజుబాయి ఇంకో పిడికెడు బూడిద తీసుకుంది.

కిషన్‌రావు పాస్టరును భుజం పట్టి పక్కకు తీసుకుపోయాడు.

"మూడేండ్ల కింద ఈ పండుగకే తాగి ట్రాక్టర్ నడిపి, ఆమె ఒక్కగానొక్క కొడుకును తొక్కిచ్చి సంపింది వాడే, అయ్యగారు."