రెక్కలో నీళ్ళు

పొద్దున చుక్క నీరు లేని పెట్రోలులోకి గంట తిరక్కుండా నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి?

విచారణ గదిలో తేలాల్సిన ప్రశ్న ఇదే. అధికారి ఎదుట పైలట్ భార్య, కట్టు కట్టిన చేతితో కూర్చుంది. పైలట్ లేడు. లేనివాడి మీద తప్పు మోపడం సులువు.

"మీరేమైనా తొందరపెట్టారా అమ్మా? చూసుకోకుండానే ఎక్కేశారా?"

"ఆయనా? గ్యాస్ కట్టేశామో లేదోనని వీధి చివరినుంచి వెనక్కొచ్చే మనిషండీ."

ఫ్లయింగ్ క్లబ్బులో అద్దెకు తీసుకున్న విమానం అది. క్లబ్బులన్నీ కొనే తెల్లటి రకం. ముందురోజు సాయంత్రం ఎన్నడూ చూడని ఊళ్ళో దిగి, వరుస చివర నిలిపారు. రాత్రంతా వాన. మైదానం సిబ్బంది తడుస్తూనే విమానాలను అటూ ఇటూ మార్చి దగ్గర దగ్గరగా జరిపారు. వారినెవరూ ఈ గదికి పిలవలేదు.

పొద్దున ఆమె టీ గది కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆయన చక్రాలు తట్టాడు. ఆయిల్ చూశాడు. రెక్కల కింది కుళాయిలు తిప్పి, పెట్రోలు గ్లాసులో పట్టి, వెలుతురుకెత్తి చూశాడు. తోక మీది 58 అంకెపై నిలిచిన చినుకులను సైతం జేబురుమాలుతో తుడిచాడు.

"చుక్క నీళ్ళు లేవు. నీ టీ కంటే నయం," అన్నాడు వచ్చి.

"అయితే రేపట్నుంచి అదే తాగండి."

తాళం ఆమెకిచ్చి, సంతకాలకని ఆఫీసులోకి వెళ్ళాడు. ఆమె తలుపు తీసి, సంచులు సర్ది, నిన్న సీటులో మరచిన శాలువా కప్పుకుని కూర్చుంది.

ఆయన పటం చూసుకుంటూ వచ్చాడు.

"ఇటండీ. ఎటు పోతున్నారు?"

"పటంలో తలపెడితే మనిల్లు కూడా తప్పుతాను," అంటూ ఎక్కాడు.

"యాభై మూడు, బయల్దేరుతున్నాం," అని ఎదుటి పలక మీది అంకె చదివి రేడియోలో చెప్పాడు.

చెట్ల మీదికి లేచాక ఇంజను రెండుసార్లు తడబడి, ఆగిపోయింది. విరిగిన రెక్కలోంచి గ్లాసెడు నీళ్ళు తీశారు.

"పైలట్ తనిఖీ చేయలేదు," పైకి చదువుతూ రాయబోయాడు అధికారి.

"ఆ మాట రాయకండి. నా కళ్ళతో చూశాను."

ఆమె చూసిందీ నిజమే, ఆయన చేసిందీ నిజమే, కాని ఆ తనిఖీ అంతా అచ్చం అలాగే ఉన్న పక్క విమానానికి జరిగింది: నమ్మకం కుదరకపోతే కథలో పైకి వెళ్ళి, తోక మీది అంకె, రేడియోలో చెప్పిన అంకె మళ్ళీ చదవండి.