ఊ కొట్టే మనిషి

"నవల ఆపేస్తాను మాస్టారూ," అంటూ బేబీరాణి మా మెట్ల మీద కూలబడింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి జెట్టీ దగ్గర, దాన్ని మూసేయొద్దని ధర్నా. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది.

"పోనీ ధర్నా మానకూడదా?"

"మానేస్తే మా నాన్నోలు పడవలు ఎక్కడ కట్టుకుంటారు? కాలేజీ మానేస్తే అమ్మ చంపేస్తాది. ఔర్ క్యా మానమంటారు?"

హిందీ మీడియంలో చదివిన ఆ పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. అందుకే సాయంత్రాలు ఈ వసారాలో తను చెబుతుంటే నేను రాసేవాణ్ణి. పక్కన బియ్యం ఏరుతూ మా ఆవిడ కనకలక్ష్మి ఊ కొట్టేది. ఆవిడ పోయి రెండు నెలలైంది.

"టైము చాలకనేనా?"

"టైము ఎలాగోలా దొరుకుద్ది. మొన్న బస్సులో కథ చెప్పి ఫోన్లో రికార్డు చేసుకుందామని చూశాను. రెండు మాటలకే ఆగిపోయాను. ఆంటీ ఊ కొట్టకపోతే కథ కదల్లేదు మాస్టారూ."

ఇన్నాళ్లూ నేను రాయబట్టే ఆ నవల సాగుతోందనుకున్నాను.

లోపలికి వెళ్లాను. కాగితాలు తీసుకోలేదు. బియ్యం చేట తెచ్చుకుని కనకలక్ష్మి కూర్చునే చోట కూర్చున్నాను.

"అరే, రాళ్లు ఉంచేసి బియ్యం పారేస్తున్నారు!" బేబీరాణి నవ్వబోయి ఆగింది.

"నువ్వు చెప్పు. నీ కథలో ఆ పడవ ఎందాకా వచ్చింది?"

"ఒడ్డు కనబడతా ఉంది. కానీ ఎవర్నీ దిగనివ్వట్లేదు..." అని ఆగి, నా వైపు చూసింది.

చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టాను.

"ఊ," అన్నాను.