జానెడు గీత

పదకొండు గంటలకు అద్దె కార్ల కంపెనీ మేనేజరు రావాలి. ఆయన వచ్చి, దుకాణం చూసి, సరేనంటే నెలకు నలభై కార్లు పాలిష్‌కు వస్తాయి. పదింబావుకు దుకాణం యజమాని లెక్కలాయన చేతిలో ఉన్న పెట్టుబడి ఇదీ: నలభై కార్ల ఆశ, కడిగి ఆరబెట్టిన నేల, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా. వీటికి కొసరుగా, గుమ్మంలో నిలబడి అరుస్తున్న ఒక పెద్దమనిషి.

“నా తలుపు నాశనం చేశారు! కుడివైపు వెనక తలుపు! ఆ గీత సంగతి తేల్చేదాకా ఇక్కణ్ణించి కదిలేది లేదు!”

పలకరింపులో కూడా లాభనష్టాలు చూస్తాడని ఆ వీధివాళ్ళు అతనికి పెట్టిన పేరు లెక్కలాయన. ఇలాంటి గొడవలకు అతని దగ్గర మందుంది. ఏ కారు వచ్చినా ముందు చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తాడు. ఉన్న గీతలన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఆ తర్వాతే నీళ్ళ పైపు తిప్పుతాడు.

“ఇదుగోనండీ, మొన్న మీరు కారిచ్చినప్పటి ఫోటో. హ్యాండిల్ కింద జానెడు గీత. ఇది మీ సంతకం. ఆ గీత మీతోనే వచ్చింది, మేం పెట్టింది కాదు.”

“వచ్చిందనే కదయ్యా నేనూ మొత్తుకుంటున్నది!”

“మరింక గొడవేముందండీ?”

“ఇప్పుడేదీ?”

లెక్కలాయన వంగి చూశాడు. తలుపు అద్దంలా ఉంది. అందులో తన మొహమే కనిపించింది, నోరు తెరుచుకుని.

“అంటే... గీత పోయిందనా మీ బాధ?”

“నా గీత నాకు కావాలి.”

గీత పడిందని ఏడ్చినవాళ్ళను ఇరవై ఏళ్ళలో కొన్ని వందలమందిని చూశాడు. పోయిందని ఏడ్చేవాణ్ణి చూడటం ఇదే మొదలు. పాలిష్ మిషన్ వెనక నక్కుతున్న బావమరిదిని కేకేశాడు.

“ఏరా, ఆ గీత తియ్యమని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు బావా. దాని జోలికి వెళ్ళొద్దనే అన్నాడాయన. జోలికి వెళ్ళొద్దంటే బిల్లు పెరుగుతుందని భయం కదా, ఎవరైనా అంతేగా! పోనీలే పాపమని ఊరికే పూడ్చి పాలిష్ కొట్టేశా. సంతోషిస్తాడనుకున్నా.”

“సంతోషిస్తున్నాడు. వీధి చివరిదాకా వినిపిస్తోంది.”

గోడ పక్కన కుర్చీలో పెద్దమనిషి భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, నిటారుగా వెన్ను. మొగుళ్ళతో తేలని బేరాలు పెళ్ళాలతో తేలతాయని లెక్కలాయన అనుభవం. ఫోన్ పట్టుకుని అటు వెళ్ళాడు.

“అమ్మా, మీరైనా చూడండి. అప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది!”

“నాకెందుకయ్యా చూపిస్తావు? ఆయనకే చూపించు,” అందావిడ, మొహమైనా ఇటు తిప్పకుండా.

గంతకు తగ్గ బొంత, అనుకున్నాడు లెక్కలాయన.

“అది కాదండీ, ఆ గీతతో మీకేం పని?”

పెద్దమనిషి భార్యవైపోసారి చూసి గొంతు తగ్గించాడు. “అది మీకనవసరం. నిన్న పార్కింగ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత మాటలు పడ్డాం, మీ నునుపు వల్ల.”

“నునుపుగా ఉంటే ఎవరు తిడతారండీ?”

“తిట్టారు. తీసింది మీరు, పెట్టాల్సిందీ మీరే. ఉన్నచోటే, ఉన్నంతే.” ఆ మాటతో గొంతు మళ్ళీ లేచింది.

పది నలభై. లెక్కలాయన మనసులో కూడికలు, తీసివేతలు చేశాడు. ఈ నోరు పదకొండుదాకా ఆగకపోతే నలభై కార్లూ గంగలో కలిసినట్టే. గీత పెట్టడానికి రెండు నిమిషాలు. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. బావమరిది ఫోటో పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఏ కారు మీదా తన చేత్తో గీత పెట్టి ఎరగడు. పళ్ళు బిగించి లాగాడు.

పెద్దమనిషి కళ్ళు మూసుకుని దానిమీద వేలు రాశాడు. “లోతు చాల్లేదు.”

మళ్ళీ లాగాడు.

“చివర కాస్త కిందికి వంపుండాలి.”

“పువ్వులేమైనా వెయ్యమంటారా?” అన్నాడు బావమరిది.

“నువ్వు నోరు మూసుకుని ఫోటో చూపించు!”

మూడోసారి స్క్రూడ్రైవర్ కీచుమంటుండగా తలుపు మీద నీడ పడింది. మేనేజరు. పది నిమిషాలు ముందే వచ్చాడు.

“ఏం చేస్తున్నారండీ?”

“గీత... పెడుతున్నానండీ.”

“కస్టమర్ కారు మీదా?”

“వారే అడిగారండీ.”

మేనేజరు స్క్రూడ్రైవర్ వంక చూశాడు. కళ్ళు మూసుకుని తలుపు నిమురుతున్న పెద్దమనిషి వంక చూశాడు. “మళ్ళీ ఫోన్ చేస్తాను,” అని నాలుగడుగులు వెనక్కి వెనక్కే వేసి, తిరిగి వెళ్ళిపోయాడు. ఆ ఫోన్ రాదని తెలియడానికి లెక్కలు రానక్కర్లేదు.

“ఇప్పుడు కుదిరింది,” అన్నాడు పెద్దమనిషి తృప్తిగా. భార్యను పిలిచాడు. “పద, వెళ్దాం.”

గోడ దగ్గర్నుంచి వరసగా మూడు తెల్ల కార్లు. ఆవిడ లేచి, మొదటి కారు పొడవునా అరచెయ్యి రాసుకుంటూ నడిచింది. అప్పుడే తుడిచిన మెరుపు మీద అయిదు వేళ్ళ మరకలు. లెక్కలాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అమ్మా, ఇప్పుడే పాలిష్ పెట్టాం, చెయ్యి...”

ఆగమన్నట్టు పెద్దమనిషి చెయ్యెత్తాడు. తను మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు. ఆవిడ రెండో కారునూ అలాగే తడుముతూ దాటింది. మూడోదాని హ్యాండిల్ కింద వేళ్ళు ఆగాయి. గీత వెంబడి ఒకసారి అటూ, ఒకసారి ఇటూ కదిలాయి. తలుపు తీసుకుని కూర్చుంది.

లెక్కలాయన చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. నలభై కార్లు పోయాయి, ఒక పూట పోయింది. వచ్చింది ఒక్కటే.

చూపులేని మనిషికి తన కారు దొరికింది.