తాడు లెక్క

"ఈ సున్నా ఏటి, టీచరమ్మా?"

సన్యాసమ్మ జవాబుపత్రాన్ని బల్లమీద పరిచి, ఎర్రసిరా సున్నా మీద వేలు పెట్టింది. గోటిలో సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది. టెల్కో కాలనీలో పని దిగి తిన్నగా సీతారాండేరా బడికి వచ్చేసింది.

గౌరీదేవి పత్రం వైపు చూడనైనా లేదు.

"పద్ధతి రాయలేదు సన్యాసమ్మగారూ. పద్ధతి లేని జవాబుకి మార్కుల్లేవు."

"జవాబు తప్పా?"

"కాదు."

"మరేటి?"

అది సాయంత్రం బడి. పగలు పిల్లలు కూర్చునే బెంచీల మీద సాయంత్రాలు ఆడవాళ్ళు కూర్చుంటారు. అందరూ ఆ హిందీ ఊళ్ళో ఒకే తెలుగు వీధివాళ్ళు, ఒకరికొకరు పిన్ని, వదిన, అప్ప. మొదటి వారం వరసలు కలుపుకుని పిలుచుకుంటూ, జవాబులు కూడా అంతే ఆప్యాయంగా అందించుకున్నారు. దాంతో గౌరీదేవి ఒక రూలు పెట్టింది. ఈ గదిలో వరసల్లేవు, ఎవరికైనా పేరే. ఇరవై రెండేళ్ళ పిల్ల అంతమాట అనేసరికి కొందరు మూతి ముడిచారు. రూలు మాత్రం నిలిచింది.

ఆ రోజు వయోజన విద్య ఆఫీసు నుంచి ధర్మరాజు అనే అధికారి వచ్చి కూర్చున్నాడు. ఏడో తరగతి పరీక్షకు కూర్చునేవాళ్ళ జాబితా ఆయన పట్టుకెళ్ళాలి. ముప్ఫై అయిదు మార్కులు వస్తేనే పేరు ఎక్కుతుంది. సన్యాసమ్మకు వచ్చినవి ముప్ఫై. సున్నా పడిన లెక్కకి అయిదు.

ఆయన పత్రం అందుకుని లెక్క పైకి చదివాడు.

"తొంభై ఒక్క అంగుళాల కడ్డీ ఒకటి, అరవై అయిదు అంగుళాల కడ్డీ ఒకటి. ఏమీ మిగలకుండా రెంటినీ ఒకే కొలత ముక్కలుగా కొయ్యాలి. ముక్క అన్నిటికంటే పెద్దదిగా ఎంత ఉండొచ్చు? గ.సా.భా. కదా. జవాబు పదమూడు, సరిగ్గానే ఉంది. పక్కన ఎవరు కూర్చున్నారు?"

"దాలమ్మ," అంది సన్యాసమ్మ. "అది ఈ లెక్క ముట్టుకోనేదు సారూ. సూసి రాద్దారన్నా దాని కాడ ఏటీ నేదు."

వెనక బెంచీలో దాలమ్మతో సహా అందరూ నవ్వారు.

"పోనీ మేడం," అన్నాడు ధర్మరాజు, "పనిచేసుకుని వచ్చే మనిషి. అయిదూ వేసెయ్యండి."

"వెయ్యను," అంది గౌరీదేవి.

"దయ మార్కులు నాకక్కర్నేదు," అంది సన్యాసమ్మ, అదే ఊపిరిలో.

ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండో తేల్చడం ధర్మరాజు వల్ల కాలేదు.

"నా మార్కులు నాకు గావాల," అంది సన్యాసమ్మ. "గచ్చు బిళ్ళల లెక్క నాను సెప్తాను, మేస్త్రీ అని ఇంకొకణ్ణి పిలుత్తారు. ఏడో తరగతి కాగితం తెత్తే నన్నూ మేస్త్రీ అంతానన్నాడు పనిచ్చీ ఠేకేదారు. ఇరవై ఏళ్ళ బట్టీ ఆ మాట కోసం సూత్తన్నాను. ఇప్పుడీ సున్నా అడ్డమా?"

"అయితే పద్ధతి చెప్పండి. పదమూడు ఎలా వచ్చింది?" అని అడిగింది గౌరీదేవి.

"తొంభై ఒకట్లో అరవై అయిదు తీసీసినాను. ఇరవై ఆరు మిగిలింది. అరవై అయిదులో ఆ ఇరవై ఆరు రెండుమాట్లు తీసీసినాను. పదమూడు మిగిలింది. ఇరవై ఆరులో పదమూడు రెండుమాట్లు తీసినాను. ఏటీ మిగల్నేదు. అంతే."

"నేను నేర్పింది ఇది కాదు. కారణాంకాలు రాయమన్నాను."

"తీసివేతలతో గ.సా.భా. ఎలా వస్తుందమ్మా? ఏదో అలా కుదిరిపోయింది," అన్నాడు ధర్మరాజు.

సన్యాసమ్మకు ఒళ్ళు మండింది. సంచిలోంచి ఒక పాత నూలుతాడు తీసింది. అది చూడగానే గౌరీదేవి గబుక్కున నల్లబల్ల వైపు తిరిగింది.

"ఈ బల్ల కొలుత్తాను, సూడండి."

పత్రం పరిచిన బల్ల పొడవున తాడు పట్టి, అందులోంచి వెడల్పు మేర మడిచేసింది. మిగిలిన ముక్కను వెడల్పు మీద పరిస్తే రెండుసార్లు పట్టి, ఇంకా కొంచెం మిగిలింది. ఆ కొంచాన్ని తాడు మీద పట్టి, ముందటి ముక్కకు ఆనించింది. సరిగ్గా రెండుసార్లు పట్టింది.

"ఈ బల్ల మీద ఒక్కటీ కొయ్యకండా పరిసీ బిళ్ళ ఇంత. దీనికన్నా పెద్దది పట్టదు."

ధర్మరాజు స్కేలు తీసుకున్నాడు. బల్ల పొడవు నలభై రెండు అంగుళాలు, వెడల్పు ముప్ఫై. కాగితం మీద కారణాంకాలు రాసి చూశాడు. ఆరు వచ్చింది. అప్పుడు ఆమె వేళ్ళ మధ్య ఉన్న తాడు కొలిచాడు. ఆరు అంగుళాలు.

"కమాల్ హై, అద్భుతం!" అన్నాడు.

"ఇప్పుడు సెప్పండి టీచరమ్మా. మీ పుస్తకంలో నేదని నా పద్ధతి పద్ధతి కాకుండా పోతాదేటి?"

గౌరీదేవి ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పత్రం తీసుకుని, సున్నా కొట్టేసి అయిదు వేసింది.

"పోదు," అంది. "కానీ పై పరీక్షకి తాడు పట్టుకెళ్ళనివ్వరు. తీసివేతలన్నీ కాగితం మీద పెట్టాలి."

"రాత్తాను."

జాబితా చివర సన్యాసమ్మ పేరు ఎక్కింది. ధర్మరాజు కింద సంతకం చేసి, పదహారు నవంబరు 1979 అని వేశాడు. తర్వాత తాడు చేతిలోకి తీసుకుని చూశాడు. అక్కడక్కడా అరిగి నున్నబడిపోయింది.

"ఇంత పాతది ఎందుకు దాచావమ్మా?"

"అది ఉయ్యాల తాడు సారూ. కాలనీలో క్వార్టర్లు కడతన్నప్పుడు పరంజీకి కట్టి నా పిల్లని పడుకోబెట్టీదాన్ని. పిల్ల లేత్తే సంకనేసుకుని, ఆ తాడుతోనే గదులు కొలిసీదాన్ని. నా లెక్కలన్నీ అలా వచ్చినవే."

"ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది?"

వెనక బెంచీల్లో ఒక్కరూ నవ్వలేదు. సన్యాసమ్మ తాడు చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది.

"నాకు సున్నా ఏసింది సారూ."