వెనక్కి వెళ్ళే మీట

"నాలుగు వారాలు పరీక్షించి, చివరికి ఈ నత్తనా తెచ్చావు?" సూపరింటెండెంటు కాగితాన్ని బల్ల మీద పడేశాడు.

కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఇన్‌చార్జి దాన్ని సరిచేసి మళ్ళీ ఆయన ముందు పెట్టాడు. ఆస్పత్రిలో ఆరు పాత సర్వర్లు మూలుగుతున్నాయి. ఆ ఆరింటినీ ఒకే కొత్త యంత్రంలోకి ఎక్కించి, దేనికదే ఉన్నట్టు నడిపించే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ కావాలి. పోటీలో రెండు మిగిలాయి. సాయంత్రంలోగా ఒకదాని మీద సంతకం పడాలి. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా కూడా అందులోకే వెళుతుంది.

"మాదైతే ఒక్క నిమిషం సార్," అన్నాడు రెండో కంపెనీ ప్రతినిధి. "ఏం చెడినా మీట నొక్కండి, నిన్న ఎలా ఉందో అలా అయిపోతుంది. ఈయన మెచ్చింది ఇద్దరు ఒప్పుకుంటే గాని వెనక్కి కదలదు."

"నిన్నటి నుంచి ఇవాళ్టి దాకా రాసినవో?" ఇన్‌చార్జి అడిగాడు.

"అవి పోతాయి. మళ్ళీ రాసుకుంటారు."

"ఎవరు?"

ప్రతినిధి నవ్వి టై సర్దుకున్నాడు.

జాబితా చూసే పెద్ద నర్సు కల్పించుకుంది. "అన్నయ్యా, వదిన పోయాక నువ్వు మరీ మొండికెత్తావు. సారుకి ఒళ్ళు మండితే నిన్ను గోడౌన్‌కి తోలేస్తారు. తల ఊపెయ్యరాదూ?"

"ఊపను. వీళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌ని మూడేళ్ళ కిందట ఇక్కడే పరీక్షించారు. మీట నొక్కారు. జాబితా ఒకరోజు వెనక్కి పోయింది. పదకొండు పేర్లు చెరిగిపోయాయి."

"అసలుదాని మీద ఎవడు నొక్కమన్నాడండీ?" ప్రతినిధి గొంతు పెంచాడు. "నకలు మీద కదా చూసుకోవాలి!"

"అవును."

నర్సు మొహం పాలిపోయింది. "పదే కదా? పదిమంది వచ్చి పోట్లాడితే మళ్ళీ రాసింది నేనే. మొదట రాసిన గుర్తుందని మొత్తుకున్నాను. కంప్యూటరు అబద్ధమాడదన్నారు. మెమో చేతిలో పెట్టారు."

"పదకొండో మనిషి రాలేదు," అన్నాడు ఇన్‌చార్జి. "'మా ఆయన అక్కడే ఉన్నాడు, నా పేరెక్కడికి పోతుందిలే' అని ఇంట్లోనే కూర్చుంది. పద్నాలుగు నెలలు. ఫోను మోగితే తడిచేతులతో పరిగెత్తేది."

"వదినా?"

"పోయాక పేరు కొట్టేద్దామని జాబితా తెరిచాను. కొట్టేయడానికి పేరు లేదు."

సూపరింటెండెంటు కాగితాన్ని దగ్గరికి లాక్కుని, నత్త అన్నదానికే సంతకం పెట్టాడు.

"ఆ పని చేసినవాణ్ణి ఊరికే వదలకూడదు," అన్నాడు తలెత్తకుండా.

"వదల్లేదు," అన్నాడు ఇన్‌చార్జి.

నర్సు కళ్ళు తుడుచుకుంది. "మూడేళ్ళు, అన్నయ్యా. ఇంకెవరి పేరైనా వదిలేసి ప్రాణం తీశానేమో అని మూడేళ్ళు కుమిలిపోయాను. తప్పు నాది కాదన్నమాట." ఉన్నట్టుండి ఆమె చెయ్యి చెంప మీదే ఆగిపోయింది. "మీట నొక్కిన సంగతి ఇక్కడ ఎవ్వరికీ తెలియదే. నీకెలా తెలుసు?"

"నొక్కింది నేనే."