పండగ పూట డ్యూటీ

"సిగ్గుందా మేడం మీకు?" లుద్వికా బల్ల మీద చరిచింది. "క్రిస్మస్ ముందు సాయంత్రం జెనోన్ గారికి పని వేస్తారా?"

బోగ్నా తలెత్తలేదు. పోలండ్‌లో, పోజ్నాన్‌లోని ఆ ఇంటీరియర్ డిజైన్ ఆఫీసులో ఎవరిని ఏ పనికి పంపాలో తేల్చేది ఆవిడే. ఆవిడ మీద అరిచేది యూనియన్ నాయకురాలు లుద్వికా.

"డిజైనర్ కావాలన్నారు. పేరు పెట్టి ఆయన్నే అడిగారు. వేశాను."

"అంత కొంపలు మునిగే పనేమిటో?"

"భోజనాల గది. బల్ల దగ్గర ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందట. అందరూ తింటున్నప్పుడే వచ్చి చూడాలట."

"కుర్చీయా! ఆ మాత్రానికి నన్ను పంపండి."

"నువ్వు సరిపోవు."

లుద్వికాకు ఒళ్లు మండింది. భార్య పోయాక జెనోన్‌కిది మొదటి పండగ. తన ఇంటికి రమ్మని ఆమె ఎంత బతిమాలినా రానన్నాడు. ఎవరు పిలిచినా ఆయన జవాబు ఒకటే: "పనుందమ్మా." పని చెబితే మాత్రం ఏనాడూ కాదనలేదు. ఆ మంచితనాన్నే వీళ్లు పిండుకుంటున్నారు!

"ఈ పూట ప్రతి ఇంట్లోనూ దారినపోయేవాడి కోసం ఒక కంచం ఎక్కువ పెడతారు. మీరేమో ఉన్న మనిషిని చలిలోకి తోలుతున్నారు. మీదీ ఒక గుండేనా?"

"మొదటి చుక్క పొడిచి భోజనాలు మొదలయ్యేసరికి ఆయన అక్కడుండాలి," అంది బోగ్నా కోటు తొడుక్కుంటూ. "నాకు ఇంట్లో వంటుంది."

"ఉంటుంది, మీకెందుకుండదు!"

సాయంత్రం ట్రాములో జెనోన్ పక్కనే కూచుంది లుద్వికా. ఆయన ఒళ్లో కొలతల టేపు, పెన్సిళ్లు.

"నువ్వెందుకమ్మా? ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు."

"చూడనీండి. ఆ క్లయింటుకి నాలుగు చివాట్లు పెట్టి వెళ్తాను."

"వద్దులే. ఏదో ఇబ్బందిలో ఉండి పిలిచుంటారు." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇదీ మంచిదే. కొంపలో ఉంటే ఆవిడ కుర్చీ ఒక్కటే కనిపిస్తుంది."

లుద్వికా ఆయన మెడకి మఫ్లరు సరిగ్గా చుట్టింది.

మూడో అంతస్తు. లోపల పిల్లల గోల, వేయించిన చేప వాసన. వీళ్లు మాత్రం హాయిగా పండగ చేసుకుంటున్నారు! లుద్వికా తిట్లన్నీ నోట్లో పేర్చుకుని తలుపు బాదింది.

తలుపు తీసిన బోగ్నా చేతిలో ఖాళీ కంచం ఉంది.