ఈగల మోత

"కదలకు పాటా, చెవి మీద పడుతుంది," అంది డ్రమ్ము, బ్రష్షుతో రంగు అద్దుతూ.

పాట కదలడం మానేసింది. జుట్టంతా రంగు పులుముకుని, మెడ చుట్టూ ప్లాస్టిక్ గుడ్డ కట్టించుకుని, గోడంత అద్దం ముందు కూచున్న మనిషి ఎక్కడికని పారిపోతుంది?

పిల్లలు ఒకే బళ్ళో చదివే రోజుల్లో ఈ నలుగురు తల్లులూ కలిసి బ్యాండు పెట్టారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెతలోంచి 'ఈగల మోత' అని పేరు కూడా పెట్టుకున్నారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక బ్యాండు ఆగిపోయింది. వాయిద్యాల పేర్లు మాత్రం పిలుపులుగా ఉండిపోయాయి. డ్రమ్ముది ఈ బ్యూటీపార్లర్. కీబోర్డు స్కూలు బస్సు నడుపుతుంది. గిటారు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. పాడేది కాబట్టి ఈవిడ పాట. ఇప్పుడు డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్లో జనం మాసిన బట్టలు అందుకుంటోంది.

సెలవు రోజున పార్లర్ షట్టరు సగం దించి నలుగురూ కబుర్లాడుకోవడం అలవాటు. కొన్ని నెలలుగా పాట ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటోంది. ఇవాళ డ్రమ్మే షాపు మూసే వేళకి వెళ్ళి, "నీ పాపిట చూశావా, తెల్లగా కాలిబాటలా ఉంది," అని చెయ్యిపట్టుకు లాక్కొచ్చింది.

"మా ఆయన డైటింగ్ మొదలెట్టాడే," అంది కీబోర్డు. "అన్నం మానేసి నా బుర్ర తింటున్నాడు."

"నయం. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ నడవడం మొదలెట్టింది. తిరగడం కాదు, నడవడం. నిన్న వంటింటి గుమ్మం దాకా వచ్చింది," అంది గిటారు, నారింజ ఒలుస్తూ.

పాట కూడా నవ్వింది. అద్దంలో తన నవ్వు తనకే అతికించినట్టు కనిపించింది.

"మీవాడెలా ఉన్నాడే?" అంది గిటారు, మాటల మధ్యలో.

పాట అద్దంలోంచి చూపు తిప్పుకుంది. "బాగానే ఉన్నాడు. చెప్పానుగా, పొరుగూళ్ళో ఉద్యోగం. ఫర్నిచర్ కంపెనీ."

"తిండి సరిపడుతోందా?"

"క్యాంటీన్ ఉందిగా."

"నిద్ర?"

"గది బాగానే ఉందిట."

"పన్ను నొప్పి తగ్గిందా?"

"పన్ను నొప్పేంటి? అలాంటిదేం చెప్పలేదే."

గిటారు నారింజ తొనల మీదికి చూపు దించి, "చిన్నప్పుడు బాధపడేవాడు కదా, అందుకని అడిగా," అంది.

"నువ్వెళ్ళి ఒకసారి చూసి రావచ్చు కదా," అంది కీబోర్డు. "తల్లి కనబడితే పిల్లలకి ప్రాణం లేచొస్తుంది."

"షాపులో సెలవు దొరకొద్దూ?"

"దాన్ని వదిలెయ్యండే, రంగు ఆరనీండి," అంది డ్రమ్ము.

పాట ఒళ్ళో చేతులు బిగించుకుంది. వాడున్నది ఫర్నిచర్ కంపెనీలో కాదు, జైల్లో. తాగి కారు నడుపుతూ, సైకిలు మీద ఇంటికెళ్తున్న ఓ పెద్దాయన్ని గుద్దాడు. ఆయనకి ఒక కాలు పోయింది. శిక్ష చెప్పిన రోజు కోర్టులో వాడు వెనక్కి తిరిగి తల్లి కోసం వెతికాడు. ఆమె తల దించుకుంది. ఆ తరవాత ఇల్లు మారింది. వాడిని చూడటానికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు.

కొన్నాళ్ళు వాడి మీద కోపమనుకుంది. కోపమైతే ఎప్పుడో చల్లారేది. ములాఖత్ రోజున జైలు గేటు ముందు ఆ వరసలో నిలబడితే, తెలిసినవాళ్ళ కంట పడతానేమోనన్న భయం అది. కన్నకొడుకు కన్నా నలుగురి చూపులే ఎక్కువయ్యాయి తనకి. ఆ సంగతి తెలిసిననాటి నుంచి తన ముఖం తనే తిన్నగా చూసుకోలేకపోతోంది.

వీళ్ళకెలా చెప్పడం? ప్రాక్టీసు జరిగే రోజుల్లో వాడు వీళ్ళ ఒళ్ళలోనే నిద్రపోయేవాడు. కీబోర్డు తినిపిస్తే తప్ప తినేవాడు కాదు. డ్రమ్ము కర్రలు దాచేసి దెబ్బలు కూడా తిన్నాడు. 'ఇదేనా నీ పెంపకం' అని వీళ్ళలో ఒక్కరన్నా తాను తట్టుకోలేదు. అనకపోయినా తట్టుకోలేదు.

డ్రమ్ము ఆమె తలని సింకు మీదికి వాల్చి గోరువెచ్చటి నీళ్ళు పోసింది. వేళ్ళు నెమ్మదిగా కుదుళ్ళలో తిరుగుతుంటే పాట కంటికొసల్లోంచి నీళ్ళు జారాయి.

"కళ్ళు మండుతున్నాయా?"

"రంగు పడింది."

డ్రమ్ము తువ్వాలు మడిచి కళ్ళు అద్దింది. కావలసిన దానికన్నా ఎక్కువసేపే అద్దింది.

జుట్టు ఆరబెట్టాక ముగ్గురూ అద్దంలోకి తొంగిచూసి, పదేళ్ళు తగ్గావన్నారు. పాట బ్యాగు భుజాన వేసుకుంది. ఇంత మంచివాళ్ళని ఇంత తేలిగ్గా మభ్యపెట్టగలిగినందుకు ఒళ్ళు కంపరమెత్తింది. ఇక ఈ గుమ్మం తొక్కకూడదనుకుంది.

"వస్తానే," అని షట్టరు కింద నుంచి వంగబోయింది.

"ఆగు పాటా." కీబోర్డు లేచి దగ్గరకొచ్చింది. "మంగళవారం నీకేమైనా పనుందా?"

"ఎందుకు?"

కీబోర్డు వెనక్కి తిరిగి మిగతా ఇద్దరి వంకా చూసింది. గిటారు తల వంచుకుంది. డ్రమ్ము చెప్పమన్నట్టు తలూపింది.

"ఈ వారం మనవాడి ములాఖత్ వంతు నాది, నా బదులు నువ్వెళ్ళు."